గ్రోహేయి గేటు దగ్గర పదకొండు కార్లు

మంచులో కారు నడపడం ఎవరైనా నేర్చుకోవచ్చు గానీ, నడపగలమని కాగితం మీద రుజువు చేసుకోవాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. నార్వేలో గ్రోహేయి కనుమకు పడమటి గేటు దగ్గర, ఫిబ్రవరిలో ఒక గురువారం ఉదయం టోర్‌ఫిన్‌కు ఈ సంగతి తెలిసొచ్చింది.

ఇరవై ఆరేళ్లుగా ఆ కనుమలో మంచు తోసే లారీ నడుపుతున్నది ఆయనే. మంచుతుఫాను పట్టినప్పుడు గేటు దించేస్తారు. కార్లన్నీ వరసగా ఆగుతాయి. మంచుబండి దారి చేస్తూ ముందు నడిస్తే, ముందున్న కారు ఎర్రదీపాలు చూసుకుంటూ మిగతావన్నీ దాని వెనక కనుమ దాటాలి. మంచుబండి లేనిదే ఈగ కూడా దాటకూడదు.

శీతాకాల రహదారి యోగ్యతా విభాగం వారు (వారి కార్యాలయం సముద్రపు ఒడ్డున ఉంది, అక్కడ పడేది వానే) ఈ ఏడు ఒక నియమం తెచ్చారు. మంచుబండి డ్రైవర్లందరూ ‘హిమపాతంలో సురక్షిత చోదనం’ అనే పరీక్ష రాసి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఆ గురువారమే ఆఖరు. తప్పితే ఉద్యోగం ఊడుతుంది. పరీక్ష కనుమకు తూర్పున, పదకొండు గంటలకు. రాసేవాడు ఆ రోజు సెలవు పెట్టాలి. సెలవులో ఉన్నవాడు బండి ముట్టుకోకూడదు. విభాగం వారేమీ తెలివితక్కువవాళ్లు కాదు, బదులు డ్రైవర్‌ను కూడా నియమించారు. అతని ఇల్లు తూర్పున. ఇటు రావాలంటే మంచుబండి వెళ్లి తీసుకురావాలి.

అలా టోర్‌ఫిన్ బండి తాళం జేబులో పెట్టుకుని, సొంత కారులో, వరసలో ఏడోవాడిగా మంచుబండి కోసం ఎదురు చూస్తున్నాడు.

తొమ్మిదిన్నరకి ఎవరో అద్దం మీద కొట్టారు. ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మ రాగ్న్‌ఫ్రిడ్.

“ఏమండీ, ఆ డ్రైవర్ ఎక్కడ చచ్చాడో తెలుసా? అవతల ఒక ఆవు రాత్రి నుంచీ ఈనలేక యాతన పడుతోంది.”

“ఇక్కడే ఎక్కడో ఉంటాడండీ.”

“ఉంటాడు, ముసుగుతన్ని పడుకుని! ఇలాంటివాళ్లకి జీతాలు దండగ.”

“అవునండీ,” అన్నాడు టోర్‌ఫిన్. డ్యూటీలో వేసుకునే పసుపు కోటు లేకపోతే ఆయన్ని కొత్తవాళ్లెవరూ గుర్తుపట్టరు.

ఆయన విభాగానికి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి మహా మర్యాదస్తురాలు.

“బండి రాలేదా? ఫిర్యాదు రాసుకుంటానండీ. డ్రైవర్ పేరు?”

చెప్పాడు.

“మీ పేరు?”

అదే చెప్పాడు.

“ఇద్దరిదీ ఒకే పేరా! చుట్టాలా?”

“బాగా దగ్గరివాళ్లం,” అన్నాడు. (ఫిర్యాదులో ‘బంధుత్వం’ అనే గడి నిండింది. అలా నిండడం అదే మొదటిసారి.)

పది దాటింది. రాగ్న్‌ఫ్రిడ్ కారులో కూర్చుని కళ్లు తుడుచుకోవడం కనబడింది. ఇక ఆయన వల్ల కాలేదు. దిగి, నేరుగా మంచుబండి దగ్గరికి నడిచాడు.

గేటు కాసే గున్‌వోర్ పరుగెత్తుకొచ్చింది. “నువ్వు సెలవులో ఉన్నావయ్యా! ఎక్కావంటే నేను రాసుకోవాలి.”

“రాసుకో. ముందు గేటెత్తు తల్లీ.”

ఎదర జానెడు దూరం కనబడని గాలిలో, తన కారు పోగా మిగిలిన పది కార్లనూ ఆయన కోడిపిల్లల్ని తోలుకెళ్లినట్టు అవతలికి చేర్చాడు. ఒక్కటీ జారలేదు. ఒక్కటీ వెనకబడలేదు. ఇందుకు మార్కులు లేవు.

పరీక్షకు నలభై నిమిషాలు ఆలస్యమైంది. పరీక్షాధికారి సిగ్వాల్డ్ మాత్రం చిరునవ్వుతో ఎదురొచ్చాడు.

“కంగారు పడకండి, తప్పు మీది కాదు. బండి రాలేదని పొద్దున్నే ఒక బాధ్యత గల పౌరుడు ఫిర్యాదు చేశారు. కూర్చోండి.”

ఏడో ప్రశ్న: మంచుబండి రాకపోతే ఏం చేయాలి? టోర్‌ఫిన్ కాసేపు ఆలోచించి, ‘కారులోనే కూర్చుని ఓపిగ్గా ఎదురు చూడాలి’ అని రాశాడు. పూర్తి మార్కులు పడ్డాయి.

రెండు గంటలకు ధ్రువపత్రం చేతికిచ్చి, చెయ్యి కలిపి, సిగ్వాల్డ్ సంతోషంగా అన్నాడు: “ఇంకో మాట. ఆ ఫిర్యాదు మీద చర్య కూడా తీసుకున్నాం. ఆ డ్రైవర్‌ని ఏడు రోజులు సస్పెండ్ చేశాం. ఈ క్షణం నుంచే.”

(సెలవుకైతే బదులు మనిషినిస్తారు. సస్పెన్షన్‌కు ఆ సౌకర్యం లేదు.)

నాలుగింటికి తూర్పు గేటు దగ్గర మళ్లీ కార్లు వరస కట్టాయి. ఆవు ఈనింది, దూడ బతికింది. రాగ్న్‌ఫ్రిడ్ ఆ సంతోషంలో వేడి కాఫీ పట్టుకుని, ఆగి ఉన్న మంచుబండి దగ్గరికి వచ్చింది. డ్రైవర్ సీటు ఖాళీ. పక్క సీట్లో టోర్‌ఫిన్, ధ్రువపత్రం నలగకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“డ్రైవర్ ఇంకా రాలేదాండీ?” అంది.

“లేదండీ,” అన్నాడు టోర్‌ఫిన్. “నేనే ఫిర్యాదు చేశాను.”