మంత్రిగారి ఉత్తర దిక్కు

"ఈ ప్రభుత్వానికి దిశ లేదని ఇకమీదట ఎవరూ అనలేరు" అని విహార శాఖ మంత్రిగారు పత్రికలవాళ్ల ముందు ప్రకటించారు. సరస్సులో తిరిగే విహార బోటుకు కొత్త దిక్సూచి బిగిస్తున్నామనీ, దాన్ని వట్టి పరికరం అనుకోవద్దనీ, అదొక దార్శనికత అనీ చెప్పారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో బాగా ఎరిగిన డైరెక్టరుగారు మొదలుపెట్టగా మిగతావాళ్లు అందుకున్నారు.

ఈ దార్శనికతకు మూలం ఆ బోటు నడిపే సరంగు. మూడేళ్ల కిందట అతను శాఖకు ఒక ఉత్తరం రాశాడు. దిక్సూచిలో ఉత్తరం కనిపించడం లేదన్నది ఆ ఉత్తరం సారాంశం. కనిపించకుండా పోయిన ఉత్తరం ఏదో వెతకమని ఆఫీసువాళ్లు ఆ కాగితాన్ని తపాలా విభాగానికి పంపారు. వాళ్లు ఏడాదిపాటు నిజాయితీగా వెతికి, అలాంటి ఉత్తరమేదీ తమకు రాలేదని తేల్చారు.

సరంగు మళ్లీ రాశాడు. ఈసారి డైరెక్టరుగారు స్వయంగా పిలిపించారు.

"పాతది ఏ దిక్కు చూపిస్తోందయ్యా?"

"పూటకో దిక్కండి. ముల్లు తేలే గిన్నెలో నూనె కారిపోయింది. అక్షరాలు చెరిగిపోయాయి. ముల్లు ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుతోందండి."

"ఏదో ఒకటి చూపిస్తోంది కదా. చూపించడం మానేస్తే అప్పుడు మార్చాలి."

"ఉత్తరం చూపించాలి కదండి."

"ఉన్నవి నాలుగు దిక్కులు. ఒక్కదాని మీదే పక్షపాతం ఎందుకు?" అని, కాసేపు ఆలోచించి, "సరే, మంత్రిగారి దృష్టిలో పెడతాను" అన్నారు.

సరంగు పట్టుదలకు కారణం ఉంది. నిరుడు చలికాలం దట్టంగా పొగమంచు పట్టిన రోజున, నలభై మంది జనంతో అతను ఆరు గంటలసేపు ఏ ఒడ్డూ దొరక్క తిరిగాడు. బోటులో నెలల పిల్లతో ఒక తల్లి ఉంది. ఆ పిల్ల ఏడుపు ఎప్పుడు ఆగిపోతుందోనని అతను చెవి అటే వేసి నడిపాడు. ఆ తర్వాత మంచు పడితే చాలు, అతనికి ఆ ఏడుపే వినిపించేది.

సరస్సులో ఉత్తరపు కొసన ఒక దీవి ఉంది. అతని అక్క ఉండేది అక్కడే. దీవివాళ్లకు వేరే బోటు లేదు. ఇది విహార బోటు కనుక విహరించేవాళ్లే ఎక్కాలని రూలు. అందుచేత వాళ్లు ఆస్పత్రికి వెళ్లాల్సివచ్చినా మంచి బట్టలు కట్టుకుని, సరదాగా ఉన్నట్టు మొహం పెట్టి ఎక్కేవాళ్లు. విరిగిన కాలుతో విహరించినవాళ్లు కూడా ఉన్నారు.

మొత్తానికి దిక్సూచి వచ్చింది. సరంగు దాన్ని తానే బిగించాడు. ఒడ్డున ఉన్న గుర్తులన్నిటితో సరిచూశాడు. కొత్త తువ్వాలుతో అద్దం తుడుస్తుంటే, చూడ్డానికొచ్చిన అతని భార్య, "పెళ్లయి ఇరవై ఏళ్లు, నావంక ఒక్కసారైనా అలా చూశావా?" అంది. "నువ్వెప్పుడూ ఉత్తరం చూపించలేదు కదే" అన్నాడు. ఆ వారమంతా అతను హాయిగా నిద్రపోయాడు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున శాఖవాళ్లు ఒక ఫలకం తెచ్చారు. మూడడుగుల ఇనప ఫలకం. దాని మీద మంత్రిగారి పేరు పెద్దగా, దిక్సూచి పేరు చిన్నగా ఉన్నాయి. దాన్ని సరిగ్గా దిక్సూచి పక్కనే బోల్టులతో బిగించారు. బిగించగానే ముల్లు గిర్రున తిరిగి మంత్రిగారి పేరు దగ్గర నిలబడింది.

సరంగు పరుగున వెళ్లి డైరెక్టరుగారికి చెప్పాడు. "ఇనుమండి. ముల్లును లాగేస్తోంది. ఇప్పుడు బోటు ఎటు తిరిగినా అది అక్కడే ఉంటుంది."

డైరెక్టరుగారు వచ్చి చూశారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"పరికరానికున్న విశ్వాసం మనుషుల్లో ఉంటే ఎంత బాగుండేదయ్యా" అన్నారు.

"ఫలకం తీస్తేగానీ దారి తెలియదండి. మంచు దిగుతోంది."

"ఫలకం తీస్తే మన ఇద్దర్నీ తీస్తారు. పోనివ్వు."

మంత్రిగారు దీవి ప్రజలను పలకరించి వస్తానని పూలదండల్లో మునిగి బోటెక్కారు. వెంట డైరెక్టరుగారు, ఇద్దరు విలేఖరులు. పావుగంటలో మంచు కమ్మేసింది. మంత్రిగారు దిక్సూచి ముందు కుర్చీ వేయించుకుని ముల్లు మీదే చూపు నిలిపారు. సరంగు చుక్కానిని కుడికి తిప్పినా ఎడమకు తిప్పినా ముల్లు కదల్లేదు.

"చూశారా, రెండు గంటలైంది, వెంట్రుకవాసి పక్కకు పోలేదు" అన్నారు మంత్రిగారు. విలేఖరులు రాసుకున్నారు.

మూడో గంటలో బోటు దేన్నో తాకి ఆగింది. సరంగు తొంగిచూశాడు. పొద్దున బయల్దేరిన రేవే. శాఖ సిబ్బంది ఎర్ర తివాచీ చుట్టేస్తున్నారు.

సరంగు నోరు తెరిచేలోగా మంత్రిగారు చేతులు జోడించి దిగిపోయారు. "దీవి సోదర సోదరీమణులారా" అన్నారు.

డైరెక్టరుగారు సిబ్బంది వంక ఒక్క చూపు చూశారు. వాళ్లు అనుభవజ్ఞులు. చుట్టిన తివాచీ మళ్లీ పరిచి, చప్పట్లు కొట్టారు. విలేఖరులు రేవును గుర్తుపట్టారు కానీ, వార్త నిన్ననే పంపేశారు కనుక మాట్లాడలేదు.

"మీ కష్టాలేమిటో భయపడకుండా చెప్పండి" అన్నారు మంత్రిగారు.

"ఏ కష్టమూ లేదండి" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

మంత్రిగారు చలించిపోయారు. ఏ కష్టమూ లేని ప్రజలను తన రాజకీయ జీవితంలో ఇదే మొదటిసారి చూడటమన్నారు. తన గుర్తుగా ఆ ఫలకాన్ని వాళ్లకే కానుకగా ఇస్తున్నట్టు ప్రకటించారు. సిబ్బంది బోల్టులు విప్పి దాన్ని దింపి, రేవు గోడకు బిగించారు.

"ఇక ఇంటికి పోదాం" అంటూ మంత్రిగారు మళ్లీ బోటెక్కారు.

డైరెక్టరుగారు మాత్రం ఒడ్డునే ఆగిపోయి, సరంగు చెవిలో అన్నారు: "అరగంట అటూ ఇటూ తిప్పి ఇక్కడికే తీసుకురా. ఈలోగా ఫలకం దాచి, ఇక్కడ మళ్లీ ఊరు తయారుచేయిస్తాను."

సరంగు తలూపి ఇంజను వేశాడు. రేవు మంచులో కలిసిపోయింది. అప్పుడు దిక్సూచి వంక చూశాడు. ముల్లు ఒకసారి వణికి, మెల్లగా తిరిగి, ఉత్తరాన నిలిచింది. చుక్కాని ఒకింత తిప్పి చూశాడు. బోటు తిరిగింది, ముల్లు ఉత్తరానే ఉంది. మూడేళ్లు ఆఫీసు మెట్లెక్కింది దీనికోసమే. గుండ్రంగా తిప్పడానికి అతనికి చేతులు రాలేదు. మంత్రిగారు కునుకు తీస్తున్నారు. సరంగు నేరుగా దీవికి పోనిచ్చాడు.

అక్కడ దీవివాళ్లు పొద్దుటినుంచీ నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు అక్క ఉంది, చేతిలో నాలుగు మడతల కాగితంతో. బోటు ఆగగానే మంత్రిగారు మేలుకుని, దిగి, ఆ కాగితం వంక బాధగా చూశారు.

"నేను ఇప్పుడే దీవి నుంచి వస్తున్నానమ్మా. అక్కడ ఒక్కరికీ ఒక్క కష్టం లేదు. వాళ్లను చూసి నేర్చుకోండి. ఊళ్లో ఉండి అన్నీ అనుభవిస్తూ మీకెందుకీ అర్జీలు?"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సరంగు వంగి తాడు కడుతున్నాడు, తలెత్తలేదు.

"సరే, జరగండి. నా కారు ఏదీ?" అన్నారు మంత్రిగారు.

అక్క కాగితం మడతలు విప్పి, మొదటి పంక్తి మీద వేలు పెట్టి చూపించింది.

"మేమూ అదే రాసుకొచ్చాం బాబూ. కారు రావాలంటే ముందు ఇక్కడ రోడ్డు వెయ్యాలి కదా."