లామినేషన్ చేసిన రాత

పిల్లలకు రాయడం రావాలంటే ముందు చేయాల్సిన పని, వాళ్ళని రాయనివ్వకుండా చూసుకోవడం. ఇది నేను గాలికి అంటున్న మాట కాదు. మా అమ్మాయి మైరాని బడికి పంపకుండా పదకొండేళ్ళుగా ఇంట్లోనే చదివిస్తున్న అనుభవం మీద చెబుతున్నాను. పెన్సిల్వేనియా కొండల నడుమ ఉన్న మా ఊళ్ళో ఇలా ఇంటిబడి నడిపే తల్లులం పద్నాలుగు మందిమి. మాలో ఎవరి ఫ్రిజ్‌లోనైనా పాలు నిండుకోవచ్చు గానీ, ఎవరి అలమరలోనూ కంపెనీలు అమ్మే రాత పాఠాల పుస్తకాల సెట్లు మూడుకి తగ్గవు.

కొందరు అమాయకులు అడుగుతుంటారు. పిల్ల చేతికి ఓ కాగితం, ఓ పెన్సిలు ఇచ్చి, రాసింది కూర్చుని చదివితే సరిపోదా అని. సరిపోతే మరి ఇన్ని కంపెనీలు ఎందుకు పుట్టాయండీ? పశువుల ప్రదర్శన జరిగే పెద్ద షెడ్డులో ఏటా మే నెలలో ఇంటిబడి పుస్తకాల సంత ఎందుకు పెడతారు? ఆ సంతకి మేమంతా చక్రాల పెట్టెలు లాక్కుంటూ వెళతాం. దారిన పోయేవాళ్ళు మేమేదో విమానం ఎక్కబోతున్నామనుకుంటారు. మూడు రోజులు తిరిగి, కాళ్ళు వాచి, పెట్టె నిండా పుస్తకాలతో ఇంటికి చేరతాం. ఆ మూడు రోజులూ పిల్లలు అమ్మమ్మల ఇళ్ళల్లో ఏం రాసుకున్నారో, అసలు రాశారో లేదో, అది వేరే సంగతి.

ఈ విద్యలో మా అందరికీ ఆదర్శం డార్లా బ్రుబేకర్. భర్త కర్ట్ ఇళ్ళ పైకప్పులు వేస్తాడు. పెద్ద కూతురు సిల్లాకి తొమ్మిదేళ్ళు, చిన్నది లూయీస్‌కి మూడు. కిందటేడు సంత నుంచి డార్లా సిల్లా కోసం తెచ్చిన మొదటి సెట్టు గొప్పతనం ఏమిటంటే, అది కొన్ని మాటలకి మరణశిక్ష వేస్తుంది. ‘మంచి’, ‘బాగుంది’, ‘అన్నాడు’, ‘వెళ్ళాడు’ వంటి మాటలు అరిగిపోయాయి కాబట్టి చచ్చిపోయినట్టే లెక్క. పిల్లలు బూడిదరంగు అట్టతో సమాధిరాళ్ళు కత్తిరించి, ఒక్కో రాయి మీద ఒక్కో మాట రాసి గోడకి అంటించాలి. సెప్టెంబరు చివరికి డార్లా భోజనాల గది గోడ అచ్చం మా చర్చి వెనక శ్మశానంలాగే తయారైంది.

ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. కర్ట్ పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, డార్లా కీమాతో కాల్చిన మీట్‌లోఫ్ ఓ ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

“బాగుంది” అన్నాడు.

“ఆ మాట చచ్చిపోయింది నాన్నా” అంది సిల్లా.

“ఎప్పుడు?”

“మంగళవారం.”

“అయ్యో. మరిప్పుడు ఏమనాలే?”

“శ్లాఘనీయం అనాలి.”

కర్ట్ కాసేపు నమిలాడు. “శ్లాఘనీయంగానే ఉంది గానీ, ఉప్పు తగ్గింది” అన్నాడు. డార్లా వెంటనే గోడ దగ్గరికెళ్ళి, అక్కడ తగిలించిన సెట్టు చెక్‌లిస్టులో ఒక టిక్కు పెట్టింది. చదువు ఇంటిల్లిపాదికీ అంటుకుంటోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే ఇంటిబడి తల్లి అన్నాక ఏ సెట్టునీ ఉన్నదున్నట్టు వాడదు. వాడితే ఆమెకీ బడి పంతులమ్మకీ తేడా ఏముంది? మా పిల్లకి తగ్గట్టు మార్చుకున్నాను అనగలగాలి. మా కాఫీ సమావేశాల్లో ఆ మాట అనలేని మనిషి ఓ మూల కూర్చుని బిస్కెట్లు సర్దుకోవాల్సిందే. డార్లా అక్టోబరులో రెండో సెట్టు తెప్పించింది. పిల్లని తొందర పెట్టవద్దు, అడవిలో తిప్పండి, ఉడతని చూపించండి, ఆ తరువాత ఉడత గురించి నోటితో చెప్పించండి అంటుంది అది. జనవరిలో మూడోది వచ్చింది. పాతకాలపు పద్ధతి. ఒక నీతికథని నలభై మెట్లలో తిరగరాయించాలి, పదిహేడో మెట్టు దగ్గర నీతి మాయమవుతుంది. డార్లా ఈ మూడింటి వెన్నులూ కోసి, పేజీలు విడదీసి, మొదటిదాంట్లో రెండో వారం పక్కన మూడోదాంట్లో ఐదో మెట్టు పెట్టి, మధ్యలో ఉడతని కూర్చోబెట్టింది. రంగురంగుల అట్టలతో అంత లావు ఫైలు తయారైంది. దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ చాలవు.

అసలు తెలివంతా ఆ తరువాత చేసిన పనిలో ఉంది. రేపు లూయీస్‌కి కూడా పనికొస్తాయని డార్లా అన్ని పేజీలకీ లామినేషన్ చేసింది. ఒక్క పేజీని కూడా వదల్లేదు. సిల్లా వాటి మీద మార్కర్‌తో రాస్తుంది. పాఠం అవగానే డార్లా తడిగుడ్డతో తుడుస్తుంది. పేజీ అద్దంలా మెరుస్తుంది, రేపటికి సిద్ధం. నవ్వకండి. దీని వెనక లోతైన ఆలోచన ఉంది. రాసింది రాసినట్టు దాచుకుంటే అందులో తప్పులు కూడా అలాగే దాగి ఉంటాయి కదా? తుడిచేసిన పేజీలో తప్పు చూపించమనండి ఎవరినైనా.

మరి తుడిచే ముందు డార్లా చదువుతుందా అని మీరు అడగవచ్చు. చదవదు. చదివితే కథలో పడిపోయే ప్రమాదం ఉంది. ఆమె చెక్‌లిస్టు మాత్రమే చూస్తుంది. బలమైన క్రియ ఒకటి, ఉంది. ఘనమైన విశేషణం ఒకటి, ఉంది. చచ్చిన మాటలు, లేవు. టిక్కు, టిక్కు, టిక్కు. గుడ్డ. మిగిలిన సమయమంతా ఆమె తలుపు దగ్గరికి వేసుకుని రేపటి పాఠాన్ని సిల్లాకి తగ్గట్టు మార్చే పనిలో ఉంటుంది. ఇంత శ్రమపడే తల్లిని మా జిల్లా మొత్తంలో చూపించండి.

ఇలా సెప్టెంబరు నుంచి మే దాకా గడిచింది. జూన్ వచ్చింది.

మా రాష్ట్రంలో ఇంటిబడికి ఒక షరతు ఉంది. ఏడాది చివర పరిశీలకురాలు వచ్చి పిల్లతో మాట్లాడి, పిల్ల రాసిన కాగితాలు చూడాలి. ఏడాది మొదట్లో రాసింది, మధ్యలో రాసింది, చివర్లో రాసింది పక్కపక్కన పెట్టి చూసి, పిల్ల ముందుకే నడిచిందని సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే విద్యాశాఖ నుంచి ఉత్తరం వస్తుంది. ఇంటిబడి చాలించి పిల్లని పసుపురంగు బడి బస్సు ఎక్కించమన్నా అనవచ్చు. డార్లాకి ఈ సంగతి తెలియదా? బాగా తెలుసు. కానీ గురువారం పొద్దున, పరిశీలకురాలు రావడానికి గంట ముందు, ఆమె నాకు ఫోన్ చేసి ఒకే ముక్క అడిగింది.

“లొరెట్టా, తుడిచేసిన మార్కరు మళ్ళీ కనిపించేలా చేసే మందేమైనా ఉందా?”

నేను పరిగెత్తుకెళ్ళాను. లెక్కల కాగితాలు ఉన్నాయి, బొమ్మలున్నాయి, చరిత్ర పటాలున్నాయి. రాత దగ్గర మాత్రం రెండొందల పేజీలు తళతళలాడుతున్నాయి. ఒక్క అక్షరం లేదు. డార్లా కళ్ళనిండా నీళ్ళు. “ఏడాదంతా దీని మీదే కూర్చున్నానే. పిల్లని నా దగ్గర్నుంచి తీసుకెళ్ళిపోతారే” అంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను, అంతే.

పరిశీలకురాలు మిసెస్ క్రౌథమెల్ ముప్పై ఏళ్ళు ఊరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వచ్చి, వరండాలో సిల్లాతో అరగంట మాట్లాడి, పిల్లని ఆడుకోమని పంపి లోపలికి వచ్చింది. డార్లా ఫైలుని బల్ల మీద పెట్టింది. ఆవిడ ఓ పేజీ తిప్పింది, మరోటి తిప్పింది.

“ఇందులో నా మొహం కనిపిస్తోందమ్మా” అంది. “పిల్ల రాసింది ఏది?”

“రాసింది మేడమ్. రోజూ రాసింది. ఒక్క నిమిషం, పద్ధతి మీకు వివరంగా చూపిస్తాను” అంటూ డార్లా ఆ సెట్లతో వచ్చిన టీచరు పుస్తకాలు తెచ్చింది. ఏ పాఠం దగ్గర ఏ మార్పు చేసిందో తెలియడానికి పేజీల మధ్య చేతికందిన కాగితమల్లా గుర్తుకి పెట్టుకుంది. మొదటి పుస్తకం తెరిచేసరికి అందులోంచి చిక్కుడు విత్తనాల కవరు ఒకటి జారి మిసెస్ క్రౌథమెల్ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి చూసింది. కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది.

“సెప్టెంబరు తొమ్మిది. అమ్మా, పిల్లి నీ తోట బూటులో పిల్లల్ని పెట్టింది. నాలుగు. కళ్ళు ఇంకా తెరవలేదు. ఒకటి మాత్రం నన్ను చూసినట్టే అనిపించింది. బూటు కదిలించకు. నువ్వు రా.”

ఆవిడే మిగతా పుస్తకాలు కూడా దులిపింది. తలుపు కిందనుంచి సిల్లా లోపలికి తోసిన చీటీలు, డార్లా చూడకుండానే గుర్తులుగా పెట్టుకున్నవి, బల్ల మీద కుప్ప పడ్డాయి. ప్రతిదాని మీదా తేదీ ఉంది. తేదీ వేయడం డార్లాయే నేర్పింది పాపం.

“జనవరి పదహారు. నువ్వు బయటికి ఎందుకు రావాలంటే మూడు కారణాలు. ఒకటి, వాగు గడ్డకట్టింది, కింద ఆకులు కనిపిస్తున్నాయి. రెండు, రేపటికి కరిగిపోతుందని నాన్న చెప్పాడు. మూడోది నువ్వు వస్తే చెప్తా.”

“మార్చి నాలుగు. మధ్యాహ్నం నీకు నా కథ చదివాను. నువ్వు ఊఁ అన్నావు. అమ్మని ఎలుగుబంటి తినేసిన చోట కూడా ఊఁ అన్నావు. అందుకని ఎలుగుబంటిని మంచిదిగా మార్చేశాను. అది అమ్మని తినకుండా తీసుకొచ్చి మళ్ళీ తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది.”

చివరి చీటీ చిన్నది. “మే ఇరవై. ఏం లేదులే. లూయీస్‌కి చూపించాను.”

మిసెస్ క్రౌథమెల్ చీటీలన్నీ తేదీల వరసలో పేర్చింది. తరువాత పెన్ను తీసి కాగితం మీద రాసింది. రచన విషయంలో పిల్ల చక్కగా ముందుకు వెళ్ళింది అని. సంతకం పెట్టింది.

“ఏ సెట్టు వాడారో ఇక్కడ రాయాలి” అంది. “ఏది రాయమంటావు?”

డార్లా మూడు సెట్ల వైపూ చూసింది.

“పోనీ, ఖాళీగా వదిలేస్తాను” అని ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “చివర్లో చీటీలు చిన్నవైపోయాయి. ఎందుకని నేను నిన్ను అడగనులే” అంది.

చూశారా, సిలబస్ పని చేయలేదని ఎవరైనా అనగలరా? తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్క ఏడాదిలో క్లుప్తంగా రాయడం నేర్చుకుంది. పెద్ద పెద్దవాళ్ళకి జీవితమంతా పట్టే విద్య అది.

డార్లా సెప్టెంబరు చీటీ పట్టుకుని పెరట్లోకి పరుగు తీసింది. నేనూ వెనకే వెళ్ళాను. సిల్లా కంచె మీద కూర్చుని ఉంది.

“తల్లీ, బూటులో పిల్లిపిల్లలేవే? చూపిస్తావా?” అంది డార్లా, ఆయాసపడుతూ.

సిల్లా ఆ చీటీ వైపు చూసింది, తల్లి మొహం వైపు చూసింది.

“అవిప్పుడు పెద్ద పిల్లులమ్మా” అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. తరువాత కంచె దిగి తల్లి చెయ్యి పట్టుకుంది. “రెండు వెళ్ళిపోయాయి. రెండున్నాయి. రా, చూద్దువుగాని.”

నేను ఇంటికి వచ్చి, అలమరలో ఉన్న మా పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తలకిందులు చేసి దులిపాను. కంపెనీవాళ్ళు ఇచ్చిన రిబ్బన్లు రాలాయి. రంగు స్టిక్కర్లు రాలాయి. చీటీ ఒక్కటి కూడా లేదు. మైరాకి పదహారేళ్ళు. తన గదిలో ఏదో నోటుబుక్కు ముందేసుకుని రోజూ రాసుకుంటుంది. ఏం రాస్తున్నావే అని గుమ్మంలోంచి అడిగితే, పుస్తకం మూసి, ఏం లేదమ్మా అంటుంది. ఇన్నాళ్ళూ ఆ జవాబు విని, పిల్లకి రాత అలవాటైందని సంతోషపడి వెనక్కి వచ్చేసేదాన్ని.

కాబట్టి పాఠకులారా, నా అభిప్రాయంలో మార్పేమీ లేదు. సెట్లు కొనండి, తప్పకుండా కొనండి. నాక్కూడా ఇప్పుడు ఒకటి అత్యవసరంగా కావాలి. పదహారేళ్ళ కూతురి గది తలుపు తట్టి, లోపలికి వెళ్ళి, పక్కన కూర్చోవడం ఎలాగో నేర్పే సెట్టు ఏ కంపెనీ అయినా వేసిందేమో, తెలిసినవాళ్ళు చెప్పండి. ఈసారి ఒక్క మార్పు కూడా చేయను. మొదటి పేజీ నుంచీ ఎలా చెప్పారో అలాగే చేస్తాను.