విశ్రాంతిలో ఉన్న కుడి చెయ్యి

ఫాస్ట్ బౌలర్ పని బంతి వెయ్యడమని నమ్మే అమాయకులు ఈ దేశంలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వాళ్ల మీద జాలిపడటం తప్ప చేయగలిగింది లేదు. ఫాస్ట్ బౌలర్ పని విశ్రాంతి తీసుకోవడం. బంతి వెయ్యడమన్నది ఒక విశ్రాంతికీ మరో విశ్రాంతికీ నడుమ అప్పుడప్పుడు జరిగిపోయే పొరపాటు. ఆ పొరపాట్లను అరికట్టడానికే బోర్డువారు భుజ పరిరక్షణ విభాగాన్ని నెలకొల్పారు.

బహదూర్‌పురా కృపాకర్ ఈ విభాగానికి ముద్దుబిడ్డ. అతని కుడి మణికట్టుకు ఎప్పుడూ ఒక నల్ల పట్టీ ఉంటుంది. పరుగు వేగాన్ని కొలిచేదీ, బంతులు లెక్కపెట్టేదీ అదే. చెయ్యి భుజం దాటి లేస్తే ఒక బంతి వేసినట్టు లెక్క. తల దువ్వుకుంటే బంతి. అటక మీది గిన్నె దించితే బంతి (పెద్ద గిన్నె అయితే బౌన్సర్). పట్టీ విప్పితే నాడి అందక విభాగంలో గంట మోగుతుంది. ఎవరి నాడి అన్న పట్టింపు మాత్రం దానికి లేదు.

నిరుడు భుజం దెబ్బతిన్నాక కృపాకర్ మళ్లీ ఆడబోయే మొదటి టెస్టు మన ఉప్పల్‌లోనే. తల్లి నీలమ్మ కొడుకు ఆటను ఇంతవరకు టీవీలోనే చూసింది, అదీ ప్రార్థన కోసం కళ్లు మూసుకుని. ఈసారి మైదానానికే వస్తానంది, కళ్లు తెరిచే చూస్తానంది. కృపాకర్‌కు ఆ టెస్టులో వికెట్ల కన్నా ఆ రెండు కళ్ల మీదే ఎక్కువ ఆశ.

టెస్టుకు వారం ముందు చెల్లెలు సోనీ పెళ్లి పడింది. పెళ్లికొడుకు ఊరేగింపుకు బార్కస్ నుంచి మర్ఫా మేళం వచ్చింది. బస్తీలో ఏ మతంవాళ్ల పెళ్లయినా ఆ డప్పులు మోగాల్సిందే, మోగాక చేతులు పైకి లేవాల్సిందే. కృపాకర్ మాత్రం కుడి చెయ్యి జేబులో పెట్టుకుని పోలీసు బందోబస్తులా ఓ పక్కన నిలబడ్డాడు. చెల్లి పెళ్లి ఇష్టం లేదేమోనని మగపెళ్లివారు గుసగుసలు మొదలుపెట్టారు. నీలమ్మ ముఖం చిన్నబోయింది.

అప్పుడు మేనమామ డానియేలు ముందుకొచ్చాడు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి, విశ్రాంతిలో తలపండినవాడు. (ఆయన బల్ల మీద దుమ్ము సైతం నిశ్చింతగా ఉంటుంది.)

“ఫికర్ చెయ్యకు అల్లుడూ, పట్టీ నా చేతికి కట్టు,” అన్నాడు. “గిన్నేండ్ల సర్వీసుల లేవని చెయ్యి గియ్యాల లేస్తదా?”

ఈ వాదనలో లోపం విభాగంవారికి కూడా దొరికేది కాదు. పట్టీ చెయ్యి మారింది. కృపాకర్ వెళ్లి చిందేశాడు. భుజం మీది భయంతో ఎడమ చెయ్యి ఒక్కటే ఊపాడు, కుడి చెయ్యి అలవాటు కొద్దీ జేబులోనే ఉండిపోయింది. కుర్చీలో కూర్చున్న డానియేలు మొదటి దరువుకు కాలు కదిపాడు, రెండో దరువుకు లేచాడు. ఆ తర్వాత ఆయన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చి, డప్పుల ముందు ఎగిరి, కుడి చెయ్యి గిర్రున తిప్పి, వెనక్కి నడిచి వెళ్లి, మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. పెళ్లికూతురు స్వయంగా వచ్చి బతిమాలితే గానీ ఆగలేదు.

మర్నాడే విభాగం నుంచి పిలుపు వచ్చింది. అధికారి నగేష్ గారు పట్టీ పంపిన గీతల బొమ్మ ఒకటి తెర మీద వేసి చాలాసేపు మురిపెంగా చూశారు. ఇంత చక్కటి లయ కృపాకర్‌లో ఇంతకు ముందెన్నడూ చూడలేదని మెచ్చుకున్నారు. అయితే ఒకే సాయంత్రం ఒక టెస్టుకు సరిపడా బంతులు వేశాడు గనుక ఉప్పల్‌లో విశ్రాంతి తప్పదన్నారు.

“గది నేను కాదు సార్,” అన్నాడు కృపాకర్. “మా డానియేల్ మామ. డాన్స్ చేసిండు.”

నగేష్ గారు తెరను కిందికీ పైకీ జరిపి, నిజాయితీగానే వెతికారు.

“మా దగ్గర చెయ్యి వివరాలు ఉంటాయండీ,” అన్నారు. “మామలు ఉండరు.”

కావాలంటే ఇప్పుడే బంతి వేసి చూపిస్తానన్నాడు కృపాకర్. అలసిన చేత్తో బంతి వెయ్యడం నిబంధనలకు విరుద్ధమని ఆయన ఎంతో ఆప్యాయంగా వారించారు.

టెస్టు రోజున నీలమ్మ కూతురి పెళ్లికి కట్టిన చీరే మళ్లీ కట్టుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఉప్పల్ వచ్చింది. జట్టులో లేనని కృపాకర్ ఆమెకు చెప్పలేకపోయాడు. పానీయాల విరామంలో అతను మైదానంలోకి వచ్చాడు. కుడి చెయ్యి విశ్రాంతిలో ఉన్నందున ఎడమ చేత్తో నీళ్ల సీసాలు పట్టుకుని, తల్లి ఎక్కడో చూస్తోందని తెలిసి, బౌండరీ దగ్గర నుంచి పిచ్ దాకా బంతి వెయ్యడానికి వచ్చినట్టే పరుగెత్తాడు.

నీలమ్మ లేచి నిలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

“సూడు డానీ,” అంది. “గాళ్లంత నిలబడ్డరు. నా కొడుకొక్కడే ఉరుకుతుండు.”

డానియేలు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, తలెత్తలేదు.

ఆ రోజు మైదానంలో అందరికంటే వేగంగా పరుగెత్తింది కృపాకరేనని, తిరిగి అతని చేతికి చేరిన పట్టీ నమోదు చేసింది. విభాగంవారు వెంటనే స్పందించి, తర్వాతి టెస్టుకు అతనికి నీళ్లు మొయ్యడం నుంచి కూడా విశ్రాంతి ఇచ్చారు.