సెంటర్ ఫార్వర్డు కదలనన్నాడు

డ్రిల్లు మాస్టరు తోమాసు ఆ శనివారానికి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే బడి పక్క మైదానంలో సున్నంతో గీతలు గీయాలి. ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఎవరెక్కడ నిలబడాలో చూపించాలి. మధ్యాహ్నం బీడీవోగారు జీపులో వస్తారు, పెద్దపల్లి రైసుమిల్లు జట్టు లారీలో వస్తుంది. ఆటలో పరువు దక్కితే చాలు, బీడీవోగారు తన జేబులో ఉన్న బదిలీ కాగితం మీద సంతకం పెడతారు. ఇక తోమాసు పెట్టె సర్దుకుని పెద్దపల్లి వెళ్ళిపోవచ్చు.

పెద్దపల్లిలో అతని భార్య సంతోషమ్మ ఉంది. మిషన్ దవాఖానలో నర్సు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె అక్కడ, ఇతను మంథని దారిలోని ఈ ఊళ్ళో. సెలవులకు చుట్టంలా వెళ్ళడం, చుట్టంలా తిరిగి రావడం. మొన్న దసరాకు వెళ్ళి తలుపు తడితే పక్కింటి పిల్ల బయటికి వచ్చి, "నర్సమ్మా, మీ ఇంటికి ఎవలో వచ్చిండ్రు!" అని కేకేసింది. ఆ మాట తోమాసు గుండెల్లో ముల్లులా దిగింది. తిరిగి రాగానే సమితి ఆఫీసుకు వెళ్ళి బీడీవోగారి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బీడీవోగారిది గోదావరి జిల్లా. పల్లెలు బాగుపడాలంటే ఊరూరా యువజన సంఘం, సంఘానికో ఫుట్‌బాల్ జట్టు ఉండి తీరాలని ఆయన గట్టి నమ్మకం. "కాగితం టైపు కొట్టించి ఉంచుతానయ్యా. మిల్లు జట్టు ముందు మన బ్లాకు పరువు నిలబెట్టు, అక్కడికక్కడే సంతకం పెడతాను," అన్నాడాయన.

పరువు నిలబెట్టడమే కష్టమైంది. జట్టులో అందరూ కూలికి పోయేవాళ్ళు, కౌలుకు దున్నేవాళ్ళు. ఒళ్ళు దాచుకునే రకం ఒక్కడూ లేడు. కాని బంతి ఎటు పోతే పదకొండుమందీ అటే పరుగెత్తేవాళ్ళు. గోలు కాయవలసిన హనుమండ్లు కూడా గుంజలు వదిలేసి అందరితోపాటు ఉరికేవాడు. గోలు కాసేవాడి ముందు ఇద్దరు ఫుల్ బ్యాకులు కావలి ఉండాలని, వాళ్ళ ముందు ముగ్గురు హాఫ్ బ్యాకులు వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందుకు అందించాలని, అందరికన్నా ముందు ఐదుగురు ఫార్వర్డులు అవతలివాళ్ళ మీదికి దూకాలని తోమాసు చింతగింజలు పేర్చి మరీ నెల్లాళ్ళు చెప్పాడు. విన్నంతసేపూ తలలు ఊపేవాళ్ళు. లేచి ఆట మొదలుపెడితే మళ్ళీ గుంపే.

అందుకే సున్నం. తాడు పట్టి, మేకులు కొట్టి, మైదానంలో సగాన్ని పదకొండు గళ్ళుగా గీసి, పేరు పేరునా పిలిచి నిలబెట్టాడు.

"మొండయ్యా, నువ్వు సెంటర్ ఫార్వర్డువు. గిక్కడ నిలవడు. లచ్చయ్యా, నువ్వు ఫుల్ బ్యాకువు, గీ గడి నువ్వు సూసుకోవాలె. అవుతలోడు ఎవడొచ్చినా అడుగు వెట్టనియ్యద్దు."

"పానం పోయినా వెట్టనియ్య సారూ," అన్నాడు లచ్చయ్య.

"మధ్యాన్నం బీడీవో సాబు వస్తడు. ఆయన వచ్చేటాళ్లకు ఎవల గీతల వాళ్లు ఉండాలె. నడుమ ఇంటికి పోవుడు లేదు. ఎర్కేనా?"

పదకొండుమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ కళ్ళల్లో ఒక్కసారిగా వెలుగు వచ్చింది. నెల్లాళ్ళ చింతగింజలతో కానిది ఒక తట్టెడు సున్నంతో అయిందని తోమాసు పొంగిపోయాడు.

అతనికి తెలియని ముచ్చట ఒకటి ఉంది. పోయిన ఎండాకాలంలో వాగు అవతలి సర్కారు బంచరు భూమిని పంచినప్పుడు సర్వేయరు అచ్చంగా ఇదే పని చేశాడు. గొలుసు లాగి, సున్నం పోసి, పేరు పేరునా పిలిచి నిలబెట్టాడు. తహశీల్దారు వచ్చేసరికి ఏ గీతల్లో ఎవరు నిలబడి ఉంటే ఆ ముక్కను వాళ్ళ పేరున రాసుకుపోయాడు. మొండయ్య ఆ రోజు ఇంత అంబలి తాగి వద్దామని ఇంటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి అతని గీతల్లో ఇంకొకడు నిలబడి ఉన్నాడు. ఆ అంబలి సంగతి మొండయ్య భార్య నేటికీ మరవలేదు, అతన్నీ మరవనివ్వలేదు. అప్పుడు తోమాసు సెలవులకు పెద్దపల్లిలో ఉన్నాడు.

స్నానం చేసి, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, మైదానానికి తిరిగి వచ్చిన తోమాసు అంచునే నిలబడిపోయాడు. లచ్చయ్య గడిలో బర్రెదూడ కట్టేసి ఉంది. రెండు గళ్ళ చుట్టూ తుమ్మకంప పరిచారు. హాఫ్ బ్యాకు అంతయ్య తన గడిలో రాళ్ళు ఏరి పక్క గడిలోకి విసురుతుంటే, పక్క గడి బుచ్చిరాములు అవే రాళ్ళు తిరిగి విసురుతున్నాడు. హనుమండ్లు గోలు గుంజల మీద గొంగడి పరిచి కింద నీడలో కాళ్ళు చాపుకున్నాడు. లచ్చయ్య భార్య ఐలవ్వ కొంగు బిగించి తోమాసుకు ఎదురు వచ్చింది.

"సారూ, గిదేం నాయం? మాకేమో ఎనుకకు, గీ రాళ్లల్ల ఇస్తివి. హనుమండ్లుకు గుంజలు పాతి, పందిరేసి మరీ ఇస్తివి. ఆయన నీకేమన్న సుట్టమా?"

"అక్కా, అది పందిరి గాదు, గోలు. లచ్చయ్య ఫుల్ బ్యాకు. ఎనుకనే ఉండాలె."

"ఎప్పటికీ మేమే ఎనుకకు ఉండాల్నా? ముందల మొండయ్యకు నల్లరేగడి వచ్చె."

అప్పుడు వెలిగింది తోమాసుకు. "అయ్యో, గిది భూమి పంచుడు గాదు! ఆట! బంతాట!" అని అరిచాడు.

మొండయ్య తన గీతల్లోంచి కదలకుండానే నవ్వాడు. "ఎర్కే సారూ. మొన్న సర్వేయరు గూడ గట్లనే అన్నడు, ఉత్తగ కొలుస్తున్న అని. నువ్వు ఫికర్ చెయ్యకు, మేం ఎవలకూ చెప్పం."

"మొండయ్యా, ఏసు తోడు..."

"గంతగనం ఆట అయితే చెప్పు సారూ, పోతం. పటేలు మిరపచేన్ల పనున్నది. కూలన్న దొరుకుతది."

పదకొండుమందీ ఒక్కసారి తల తిప్పి మిరపచేను వైపు చూశారు. నిజం చెపితే జట్టు ఉండదు, జట్టు లేకపోతే సంతకం ఉండదు. అబద్ధం ఆడనవసరం లేదు, నోరు మూసుకుంటే చాలు. ఒక్క సాయంత్రం దాకా ఓపిక పడితే రేపటినుంచీ పక్కింటి పిల్ల తనను 'ఎవలో' అనదు.

"పొద్దుగూకేదాక ఎవలూ కదలకున్రి," అన్నాడు నీరసంగా. "ఆ బర్రెదూడను మాత్రం ఇప్పున్రి, మీకు దండం పెడత."

కంప తీయించడానికి, గొంగడి దింపించడానికి, దూడను విప్పించడానికి అతని ఇస్త్రీ ప్యాంటు బలైంది. గోచీలు సవరించుకుని పదకొండుమంది పదకొండు గళ్ళల్లో నిలబడేసరికి జీపు వచ్చింది, వెనకే లారీ వచ్చింది. మిల్లు జట్టు బూట్లతో, ఎర్ర బనీన్లతో దిగింది. రిఫరీగా ఒప్పుకున్న గ్రామసేవకుడు ఈల ఊదాడు.

మొండయ్య బంతిని తన్నుకుంటూ తన గీత దాకా పోయాడు. బంతి గీత దాటింది. మొండయ్య దాటలేదు. ఊరి పొలిమేరలో నిలబడి బస్సు ఎక్కినవాళ్ళను సాగనంపినట్టు దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఉరుకు మొండయ్యా! ఉరుకు!" తోమాసు గొంతు చించుకున్నాడు.

"ఉరుకుత గని సారూ, నేను పోయినంక ఎవడన్న జొర్రితే?"

"గట్లయితే ఆడు బుచ్చిరాములుకు దొరుకుతడు! నువ్వు పో!"

"ఓసారి పోయి బుద్ధచ్చింది సారూ. నేను కదల."

మిల్లు జట్టు బంతి తీసుకుని ముందుకు వచ్చింది. వచ్చింది కాని దూరలేకపోయింది. ఎవడు ఏ గీతలో కాలుపెట్టినా ఆ గీతవాడు చేలో పడ్డ పశువును తరిమినట్టు తరిమాడు. "నా గీతల నీకేం పనిరా?" అంటూ అంతయ్య ఒకణ్ణి మైదానం చివరిదాకా, అంటే తన గడి చివరిదాకా, నెట్టుకుపోయాడు. లచ్చయ్య దగ్గరికి వచ్చిన బంతి ఒక్కటీ ముందుకు పోలేదు. ఐలవ్వ బయట నిలబడి, "సూస్తవేంది, తన్ను!" అని హుషారు చేస్తుండగా, ఆ రాళ్ళ గడిని అతను పచ్చని పొలంలా కాచాడు.

ఒకసారి బంతి లచ్చయ్య గడికీ అంతయ్య గడికీ నడుమ సరిగ్గా గీత మీద ఆగింది.

"నీ దిక్కున్నది, తియ్యి బావా," అన్నాడు లచ్చయ్య.

"నీ దిక్కే ఎక్కువున్నది. నేను చెయ్యివెడితే రేపు పంచాయితీల నా మీద చెప్పుతవు," అన్నాడు అంతయ్య.

ఆ మాటలు వింటూ కాసేపు ఆగిన మిల్లు ఫార్వర్డు ఇక లాభం లేదని బంతి కోసం కాలు చాపాడు. హద్దు మీద కాలు పెట్టినందుకు ఇద్దరూ కలిసి వాడి మీద పడ్డారు. ఈల ఊదడం తప్ప గ్రామసేవకుడికి ఇంకేం చెయ్యాలో తోచలేదు.

సగం ఆట అయ్యేసరికి అటు గోలు లేదు, ఇటు గోలు లేదు. తోమాసు మొహం తుడుచుకుంటూ బీడీవోగారి కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన లేచి నిలబడి రెండు చేతులతో తోమాసు భుజాలు పట్టుకున్నాడు.

"ఏం క్రమశిక్షణయ్యా! ఎవడి బాధ్యత వాడిది! ఒక్కడంటే ఒక్కడు చోటు వదల్లేదు! మా కాకినాడలో కూడా ఇలాంటి జట్టును చూడలేదు!"

"మీ దయ సార్. మరి... నా కాగితం..."

"ఏ కాగితం? బదిలీయా? పిచ్చివాడా, నీలాంటివాణ్ణి ఎలా వదులుకుంటాను? జిల్లా పోటీలకు వీళ్ళను తీసుకెళ్ళేది ఎవరు? నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ నువ్వూ ఇక్కడే!"

ఆయన జేబులోని కాగితం తీసి, ఇంకా చిన్నగా మడిచి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. తోమాసుకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది. పరువు నిలిస్తే పంపుతానన్నాడు, నిలిచింది కాబట్టి పంపనంటున్నాడు. ఇక పరువు తీయడం ఒక్కటే మిగిలింది. అదేమంత కష్టం కాదనుకున్నాడు, గీతలు లేకపోతే వీళ్ళు మళ్ళీ గుంపే కదా.

"ఇనున్రి," అన్నాడు జట్టు దగ్గరికి వచ్చి. "గీ గీతలు ఉత్తయే. ఈడ ఎవలకూ గుంటెడు భూమి గూడ ఇయ్యరు. ఇగ ఎవలకు ఎటు బుద్ధయితే అటు ఉరుకున్రి."

పదకొండుమందీ కాళ్ళ కింది సున్నం వైపు చూశారు. "అంటే, బీడీవో సాబు పంచుతలేడా?" అన్నాడు మొండయ్య.

"పంచుతలేడు."

"మరి ఎందుకొచ్చిండు?"

"ఆట సూడనీకి."

"జీపేసుకొని, పెట్రోలు కాలవెట్టుకొని, బంతిని సూడనీకి వచ్చిండా?" అన్నాడు మొండయ్య. "నన్ను ఎడ్డోణ్ణి చెయ్యకు సారూ. పంచనీకే వచ్చిండు. మనసు మార్చుకున్నడు. ఆనాడు అంబలికి పోయి మోసపోయిన. ఇయ్యాల పొద్దటిసంది పచ్చి మంచినీళ్లు తాగలే!"

గ్రామసేవకుడు ఈల ఊదాడు. మొండయ్య గీత దాటాడు. అయితే బంతి వైపు కాదు, బీడీవోగారి కుర్చీ వైపు.

అతని వెంట జట్టంతా కదిలింది. ఆ కదలడం చూసి తోమాసు నోరు తెరిచాడు. మొండయ్యకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఐదుగురు ఫార్వర్డులు ఒకే వరసలో బీడీవోగారి మీదికి దూసుకుపోయారు. వెనక ముగ్గురు హాఫ్ బ్యాకులు. మొండయ్య మాట తడబడినచోట అంతయ్య అందుకుని, "వాగు కాడ గూడ గిట్లనే జేసిండ్రు సారూ!" అని మళ్ళీ మొండయ్యకు అందించాడు. బుచ్చిరాములు ఇంకో పక్కనుంచి అందుకున్నాడు. ఫుల్ బ్యాకులిద్దరూ ఎవరూ చెప్పకుండానే జీపుకు ముందొకడు, వెనకొకడు నిలబడ్డారు. హనుమండ్లు ఆ రోజు మొదటిసారిగా గుంజల నీడ వదిలి, వాటిలో ఒకదాన్ని పీకి భుజాన వేసుకుని చివర కాపలా కాశాడు. ఎంత బాధలో ఉన్నా తోమాసుకు ఒక్క క్షణం ఛాతీ పొంగింది.

"భూములు పంచేది తహశీల్దారయ్యా! నేను కాదు!" బీడీవోగారు కుర్చీ ఎక్కి అరిచాడు.

"గదంత మాకెర్కలే. సర్కారంటే సర్కారే!"

"లచ్చయ్యా, జీపును ఇడువకు!" అని ఐలవ్వ గట్టిగా కేకేసింది. లచ్చయ్య బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

అవతల మిల్లు జట్టు కాసేపు ఆశ్చర్యపడి, ఆ తర్వాత ఖాళీ మైదానంలో ఆట సాగించింది. గ్రామసేవకుడు నిబంధన ప్రకారం గోలు గోలుకూ ఈల ఊదాడు. గోలు మీద గోలు కొట్టీ కొట్టీ విసుగు పుట్టి వాళ్ళే లారీ ఎక్కి కూర్చున్నారు.

సర్వేయరును వెంటబెట్టుకుని తహశీల్దారే మళ్ళీ వచ్చి వాగు అవతలి భూమి సంగతి చూస్తాడని బీడీవోగారు అందరి ముందూ మాట ఇస్తే తప్ప లచ్చయ్య బానెట్ మీదినుంచి చేతులు తీయలేదు. అప్పుడు ఆయన కుర్చీ దిగి, చెమట తుడుచుకుని, మొదటి ప్రశ్న అడిగాడు.

"అసలు ఇక్కడ భూములిస్తారని మీకు చెప్పిందెవరు?"

"మా డ్రిల్లు సారే," అన్నాడు లచ్చయ్య అభిమానంగా. "సున్నం పోసి ఒక్కొక్కలకు సూపెట్టిండు. శాన మంచోడు."

బీడీవోగారి మొహం ఎర్రబడింది. "తోమాసూ! నువ్వు నా బ్లాకులో ఒక్క పూట కూడా ఉండడానికి వీల్లేదు! వెంటనే వెళ్ళాలి! ఎక్కడికైనా సరే!" అంటూ జేబులు తడిమాడు. చేతికి అందిన బదిలీ కాగితం అదొక్కటే. దాన్ని బానెట్ మీద పరిచి, పాళీ విరిగేంత కోపంతో సంతకం గీకి, మొహాన కొట్టినట్టు చేతిలో పెట్టాడు. "పో! ఆ లారీలోనే పెద్దపల్లి పో! అదే నీకు శిక్ష!"

తోమాసు ఆ శిక్షను తల వంచుకుని అందుకున్నాడు. తల ఎత్తితే మొహం కనబడుతుంది.