నా నేల నేనే పరిచాను!

తన ఇంటి నేలను తన చేతులతో పరుచుకోనివాడి జన్మ వృథా! ఈ మాట నేను మోకాళ్లకు కాపడం పెట్టుకుంటూ రాస్తున్నాను కాబట్టి మీరు నమ్మి తీరాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్లకు డబ్బాల్లో వచ్చి ఒకదానికొకటి టక్కున అతుక్కునే చెక్క పలకల సంగతి తెలియదు. తెలిసుంటే ఆ రెండింటినీ పిల్లల ఆటల కింద జమకట్టి, నేల పరిచి చూడు అనేవారు.

అదే మేస్త్రిని పిలిస్తే ఏమవుతుంది? వస్తాడు, పరుస్తాడు, పోతాడు. మీరు నడుస్తారు. అంతేగా! అందులో అనుభవం ఏది? నలుగురిలో చెప్పుకోవడానికి కథ ఏది? మేస్త్రి పరిచిన నేల మీద నడిచేవాడికి తన కాళ్ల కింద నేల ఉందన్న సంగతే గుర్తుండదు. మా ఇంట్లో అలా కాదు. అడుగడుగునా గుర్తుంటుంది.

"ఏమండీ, మేస్త్రిని పిలుద్దాం" అని మా ఆవిడ మొదట్లోనే అన్నది. "ఆ మాత్రం నాకు చేతకాదా?" అన్నాను. లోకంలో గొప్ప పనులన్నీ ఈ ఒక్క మాటతోనే మొదలయ్యాయి. ఘోరాలు కూడా దీనితోనే మొదలయ్యాయంటారు గిట్టనివాళ్లు.

నాకు ధైర్యం ఊరికే రాలేదు. మా ఆఫీసు అకౌంటెంటు అంతకు ముందే తన ఇంటికి తానే ఫ్లోరింగ్ వేసుకున్నాడు. "మళ్లీ వేయాల్సి వస్తే వేస్తారా?" అని అడిగాను. "కళ్లు మూసుకుని వేస్తాను సార్!" అన్నాడు. అలా అంటున్నప్పుడు నా వైపు కాకుండా ఫ్యాన్ వైపు చూశాడు గానీ, అప్పట్లో నేనది గమనించలేదు.

ఆపైన వీడియోలు చూశాను. ఆ వీడియోల్లో ఒకాయన ఉంటాడు. నవ్వుతూ పలక పెడతాడు, నవ్వుతూ తడతాడు, మనం కాఫీ తాగేలోపు హాలు పూర్తి చేసి నవ్వుతూ నిలబడతాడు. ఆయన ఇంట్లో బీరువా లేదు, మంచం లేదు, అత్తగారు లేరు. మా ఇంట్లో ఆ మూడూ ఉన్నాయి. మూడింటినీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చుకుంటూ పరిచాను. మొదటి రెండూ ఏమీ అనలేదు.

ముందు పాత నేల మట్టం చూసుకోమన్నారు. షాపులో రసమట్టం కొన్నాను. దాని బుడగ మధ్యలో నిలబడితే కదా! ఎటు పెట్టినా ఒక మూలకే పోతుంది. రసమట్టం పాడైందని వెనక్కి ఇచ్చేశాను. "ఆడలేక మద్దెల ఓడు" అని మా ఆవిడ గొణిగింది. షాపువాడు మరొకటి ఇచ్చాడు. అదీ పాడైందే! ఈ రోజుల్లో సరుకు ఎంత నాసిగా తయారవుతోందో చూడండి. ఇక లాభం లేదని నా కంటిచూపునే నమ్ముకుని, పాత నేల మీదే పలకలు పరిచేశాను.

దానివల్ల ఒనగూడిన లాభాలు ఒకటా రెండా?

మా ఇంట్లో వస్తువులు పోవడం అనేదే లేదు. మాత్ర జారిపడనీ, బొత్తాం ఊడిపడనీ, ఉంగరం వేలు జారనీ, దేని వెంటా పరుగెత్తం. దొర్లుకుంటూ దొర్లుకుంటూ అన్నీ సోఫా వెనక మూలకే చేరతాయి. కావలసినప్పుడు వెళ్లి తెచ్చుకుంటాం. పెన్సిల్ కోసం వెళ్లిన మా అత్తగారు, ఎప్పుడో పోయిందని ఏడ్చిన చెవి దుద్దుతో తిరిగొచ్చారు. మేస్త్రి పరిచిన నేల మీద ఈ సౌకర్యం దొరుకుతుందా?

దొంగల భయమా? అసలే లేదు. మా హాల్లో చీమ నడిచినా నేల కిర్రుమంటుంది. ఏ పలక ఏ రాగం తీస్తుందో మాకు కంఠతా వచ్చు. కిర్రు, కిర్రు, టప్ అంటే మా ఆవిడ వంటగదిలోకి వెళుతున్నట్టు. కిర్రు, టప్, "అయ్యో" అంటే చుట్టాలొచ్చినట్టు. వంటగది గుమ్మం దగ్గర ఒక పలక చివర కాస్త పైకి లేచి ఉంటుంది లెండి. ఎంతటివాడైనా సరే, అక్కడ తల వంచుకుని రెండడుగులు ముందుకు తూలాల్సిందే. ఎదుటి ఫ్లాటులో ఒక డైరెక్టరుగారు ఉన్నారు, ఎవరికీ నమస్కారం పెట్టని మనిషి. మా వంటగదికి మాత్రం పెట్టారు!

ఇక తలుపుల విషయం. పాత నేల మీద కొత్త నేల వేస్తే ఇంటి మట్టం పెరుగుతుందని వీడియోలో ఆయన చెప్పలేదు. చెప్పాడేమో, నేను కాఫీకి లేచిన సమయంలో. పని అంతా అయ్యాక పడకగది తలుపు వేయబోతే కొత్త పలకలకు తట్టుకుని కదలనంది. కింద కాస్త కోస్తే సరి! తలుపు ఊడదీసి రెండు కుర్చీల మీద పడుకోబెట్టి, మా ఆవిడ "ఒకసారి చూసుకోండి" అంటున్నా వినకుండా, ఉదారంగా రంపం నడిపాను. మళ్లీ బిగించి చూస్తే తలుపు ఎక్కడ తట్టుకునేదో అక్కడే తట్టుకుంటోంది. పైన మాత్రం చేయి దూరేంత సందు. నేను కోసింది తలుపు తలను! పడుకున్నప్పుడు తల ఏదో కాలు ఏదో మనుషులకే చెప్పడం కష్టం, తలుపుకేం చెబుతాం? మళ్లీ ఊడదీసి కాళ్లు కూడా కోశాను.

గోడలకు చెవులుంటాయంటారు. మా తలుపుకు నోరు కూడా వచ్చింది. పడకగదిలో గుసగుసలాడినా హాల్లో స్పష్టంగా వినిపిస్తుంది. దీనివల్ల మా సంసారంలో రహస్యాలు నశించాయి. అత్తగారి గురించి అత్తగారికి తెలియని మాట ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఇంతకన్నా ఆరోగ్యకరమైన కుటుంబం ఎక్కడైనా ఉందా?

మొన్నామధ్య ఆ అకౌంటెంటు ఇంటికి వెళ్లాను. గుమ్మం నుంచి పెరటి దాకా తివాచీలే తివాచీలు! పలక ఒక్కటి కూడా కనిపించదు. "ఏమండీ, అంత బాగా వేసిన నేలను ఇలా కప్పేశారేం?" అన్నాను. "దిష్టి తగులుతుందని" అన్నాడాయన, ఫ్యాన్ వైపు చూస్తూ. ఈసారి గమనించాను. ఇద్దరం కాసేపు ఆ ఫ్యాన్‌నే చూస్తూ కూర్చున్నాం. అప్పటి నుంచి తోడబుట్టినవాళ్లలా ఉంటున్నాం.

సరే, మొన్న ఆదివారం మా బావమరిది వచ్చాడు. కొత్తగా ఇల్లు కొనుక్కున్నాడు. వాళ్ల పాప పాకడం మొదలుపెట్టింది. హాల్లో దింపగానే ఆ పిల్ల బరబరా పాకుతూ తిన్నగా వంటగది గుమ్మం దాకా పోయి కెవ్వుమంది. మా ఆవిడ పరుగెత్తి ఎత్తుకుని, చిట్టి అరచేతి మీద ఊదుతూ అటూ ఇటూ తిప్పసాగింది.

"బావా, పలకలు ఆర్డర్ పెట్టేశాను" అన్నాడు బావమరిది. "రేపటిలోగా వద్దనుకుంటే వద్దనొచ్చు. నీ మాట మీదే ఉన్నాను. మళ్లీ చేయాల్సి వస్తే చేస్తావా?"

"కళ్లు మూసుకుని చేస్తాను!" అన్నాను. ఫ్యాన్ మా ఇంట్లో కూడా ఉంది.

"మొదటిసారి కూడా కళ్లు మూసుకునే చేశారుగా" అన్నారు అత్తగారు, ఎవరితోనో అన్నట్టు.

మా ఆవిడ పిల్లను తమ్ముడి చేతికిచ్చి, "ఒకసారి లోపలికి రండి" అన్నది. వెళ్లాను. తలుపు వేసింది.

"వాడికి నిజం చెప్పండి."

"ఏం నిజం?"

"పాకే పిల్లండీ. దాని అరచెయ్యి ఎలా గీసుకుపోయిందో చూశారా? తోక తెగిన నక్కలా మాట్లాడకండి."

ఆ పిల్ల ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. "ఎలా చెప్పనే?" అన్నాను, గొంతు బాగా తగ్గించి. "ఆఫీసులో చెప్పాను, వీధిలో చెప్పాను, పత్రికలో రాస్తున్నాను. ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి? నాకు తెలీదనుకున్నావా? మళ్లీ పరచమంటే ఇల్లమ్ముకుని పోతాను గానీ ఒక్క పలక ముట్టుకోను. నువ్వు చెప్పినప్పుడే మేస్త్రిని పిలవాల్సింది. నాదే తప్పు."

మా ఆవిడ మెల్లగా తలెత్తి తలుపు పైనున్న సందు వైపు చూసింది. నేనూ చూశాను.

హాల్లో చప్పుడు లేదు. చీమ నడిస్తే మూలిగే నా నేల, కిక్కురుమనడం లేదు. అంటే అందరూ ఉన్నచోటే ఊపిరి బిగబట్టి నిలబడ్డారన్నమాట.

"సరే బావా!" అన్నాడు బావమరిది అవతలి నుంచి. "ఆర్డర్ క్యాన్సిల్ చేసేస్తున్నా."

"అల్లుడుగారూ, ఆ చివరి మాట సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి అనండి" అన్నారు అత్తగారు.

ఇప్పుడు చెప్పండి! ఆ తలుపును ఏ వడ్రంగో వచ్చి పద్ధతిగా కోసి ఉంటే ఈ మేలు జరిగేదా? ఆ పసిపిల్ల అరచేతులను కాపాడింది నా రంపం కాదా? నా పనితనాన్ని శంకించేవారు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

కాబట్టి పాఠకులారా, మీలో ఎవరైనా ఇంటి నేల సొంతంగా పరుచుకోవాలనుకుంటే నిస్సంకోచంగా వచ్చి నన్ను అడగండి. మళ్లీ చేస్తారా అంటే నా జవాబు ఎప్పుడూ ఒకటే. కళ్లు మూసుకుని చేస్తాను!

నిజం కావాలంటే మాత్రం కాస్త హాల్లో కూర్చోండి. నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటాను.