గడియగారి ట్యాబ్లెట్ బేరం

ఆ రోజు గడియగారి కార్యక్రమం చాలా చిన్నది. పొద్దున్నే బజారుకు వెళ్ళి ఒక ట్యాబ్లెట్ కంప్యూటర్ కొనడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేయడం, సాయంత్రం రైలెక్కడం. ఈ మూడింటిలో రైలెక్కడమే కష్టమని ఆయన అనుకున్నాడు.

ఆయన అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. తలుపుల గడియలు, హ్యాండిళ్ళు, తాళాలు తయారుచేసే కంపెనీకి ఊరూరా తిరిగి ఆర్డర్లు తెస్తాడు కనక గడియగారని కొందరు, చెప్పుల జత కొనాలన్నా గడియలకు గడియలు తినేస్తాడు కనక గడియగారని ఇంకొందరు పిలుస్తారు. ఆయన మాత్రం మొదటి కారణాన్నే నమ్ముతాడు.

ఆమధ్య ఒక ప్రయాణంలో ఆయన శాంపిళ్ళ పెట్టె రైలు ప్లాట్‌ఫారం మీద విచ్చుకుని, ఇత్తడి సరుకంతా జనం కాళ్ళ కింద దొర్లింది. సంగతి విన్న మేనేజరు, ఇనుము మోసే రోజులు పోయాయనీ, ట్యాబ్లెట్ ఒకటి కొనుక్కుని అందులో బొమ్మలు చూపించమనీ, ఖర్చు కంపెనీ పెట్టుకుంటుందనీ చెప్పాడు. ఆ మాట చెప్పి నెలలు గడిచాయి. గడియగారు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఇవాళ ఇక తప్పదు. పొరుగూళ్ళో పెద్ద హోటలు కడుతున్న ఒకాయన, రేపు వచ్చి నమూనాలు చూపించమన్నాడు. అన్ని గదులకు ఎన్ని తలుపులో, అన్ని తలుపులకు ఎన్ని గడియలో తలుచుకుంటే మేనేజరుకు కూర్చున్న చోట కుదురు లేదు. ఈ ఆర్డరు చేజారితే గడియగారిని తిరుగుడు ఉద్యోగం మాన్పించి గోడౌన్‌లో కూర్చోబెడతానని కూడా, నవ్వుతూనే, చెప్పాడు.

సలహాకు ఇంట్లో బావమరిది ఉన్నాడు. ఏ వస్తువు ఎలా కొనాలో లోకమంతటికీ చెప్పి, తాను మాత్రం ఏదీ కొనని మనిషి. నమూనాల ఫొటోలన్నీ బావ అకౌంట్‌లో ఒక ఆల్బంగా పెట్టింది అతనే. ఇకమీద తీసిన ఫొటో తీసినట్టు అందులో చేరేలా అమర్చిందీ, ఆ ఆల్బం హోటలాయన కూడా చూసుకునేలా ముందుగానే పంపించిందీ అతనే.

"చూసి కొనకూడదు బావా, వాడి కొనాలి," అన్నాడతను. "కొట్లో ఉన్నదానిమీద నీ అకౌంట్ వేసెయ్. మెయిల్ తెరువు, ఫొటో తియ్యి, వీడియో కాల్ చెయ్యి. అప్పుడే బండారం బయటపడుతుంది."

ఎవరి బండారమో గడియగారు అడగలేదు. బడిలో పాఠాలు చెప్పే భార్య, సంచీ భుజాన వేసుకుంటూ, ఇవాళ కొనకుండా మాత్రం ఇంటికి రావద్దని చెప్పి వెళ్ళిపోయింది.

మొదటి షాపులో సేల్స్ అమ్మాయి ఓపిక గలది. పెద్ద తెర ఉన్న ట్యాబ్లెట్ చేతికిచ్చి అన్నీ చూపించింది. గడియగారు తన అకౌంట్ వేశాడు, షాపు ఇంటర్నెట్ కలిపించుకున్నాడు, గడియల బొమ్మల్ని పెద్దవి చేసి చూశాడు, చిన్నవి చేసి చూశాడు. రైల్లో కూర్చున్నట్టు కాళ్ళు దగ్గరపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. బ్రహ్మాండంగా ఉంది, కానీ కూరలు తరిగే చెక్కంత బరువుంది. రెండో షాపులోది తేలికే గాని, వేలు పెడితే గడియ కనపడదు, గడియ కనపడితే ధర కనపడదు. మూడో షాపులో కీబోర్డూ, పెన్నూ ఉన్నది ఒకటి దొరికింది. దాన్ని వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో చూస్తాననేసరికి షాపు యజమాని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

ప్రతి చోటా అకౌంట్ వేశాడు. ఎక్కడా తియ్యలేదు. తియ్యమని బావమరిది చెప్పలేదు మరి.

మూడు షాపుల్లోనూ పక్కన పెట్టి పోల్చడానికి తన ఫోన్‌లో అవే బొమ్మలు తెరిచి తెరిచి, చివరికి ఫోన్‌లో ఛార్జింగు అయిపోయింది. గడియగారు అదేమీ గమనించకుండా టీ కొట్లో కూర్చుని, బరువా, తెరా, పెన్నా అని ఆలోచనలో పడ్డాడు. అప్పుడే బడిలో విరామం దొరికిన భార్య ఆయనకు ఫోన్ చేసింది. పలకకపోయేసరికి వీడియో కాల్ నొక్కింది. అది మొదటి షాపులో మోగింది. ఎంతకీ ఆగకపోతే సేల్స్ అమ్మాయి తీసింది.

భార్యకు కనపడింది ఒక పడుచుపిల్ల మొహం. ఆయనేరీ అని అడిగింది.

"ఇందాకే వెళ్ళారండీ," అంది అమ్మాయి మర్యాదగా. "పొద్దున చాలాసేపు ఇక్కడే ఉన్నారు. ఒళ్ళోంచి దించలేదు. కాకపోతే కాస్త బరువెక్కువట, ఇంకా సన్నంది ఎక్కడైనా దొరుకుతుందేమో చూసొస్తానన్నారు. ప్రయాణాల్లో తోడుగా ఉండాలట. ఇంట్లో అడిగారా సార్ అంటే, ఇంట్లో వాళ్ళకి సంబంధం లేదమ్మా, ఖర్చంతా ఆఫీసువాళ్ళే పెట్టుకుంటారు అన్నారండీ."

ఈలోగా ఇంకో బేరం వచ్చి అమ్మాయి కాల్ పెట్టేసింది. కోపం రావడానికి సరిపడా విన్న మనిషికి మిగతాది అక్కర్లేదు. భర్త ఏం కొనడానికి వెళ్ళాడో ఆవిడకు ఆ క్షణంలో గుర్తే రాలేదు. సగం రోజు సెలవు పెట్టి, తమ్ముణ్ణి పిలిపించి, విన్నదంతా విన్నట్టు చెప్పింది.

తమ్ముడు బావను వెనకేసుకొచ్చాడు. "బావ అలాంటివాడు కాదక్కా," అన్నాడు. "ఒక్క పూటలో తేల్చుకునే మనిషేనా?"

ఈ సమర్థన ఆవిడకు ఊరట కలిగించలేదు. కాల్‌లో అమ్మాయి వెనక అద్దంలోంచి కనపడిన గుడి గోపురాన్ని ఆనవాలు పట్టుకుని ఇద్దరూ ఆటో ఎక్కారు. షాపు బోర్డు చూడగానే తమ్ముడికి కొంత అర్థమైంది గానీ, అప్పటికే అక్క లోపలికి వెళ్ళిపోయింది. నిప్పులు చెరుగుతున్న ఆవిణ్ణి కాల్‌లో చూసిన మొహంగా గుర్తుపట్టి, కొనడానికే వచ్చిందనుకున్న సేల్స్ అమ్మాయి, పెద్ద ట్యాబ్లెట్ తెచ్చి చేతిలో పెట్టి, సార్ ఒళ్ళోంచి దించనిది ఇదేనండీ అంది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. చేత్తో ఎత్తి తూచింది.

"బరువే," అంది చివరికి, ఎటో చూస్తూ.

తమ్ముడు ఆ తెర వైపు చూసి గతుక్కుమన్నాడు. గడియల ఆల్బం తెరిచి ఉంది. మొదట ఇత్తడి గడియ, తర్వాత ఎవరిదో చెవి. ఒక స్టీలు హ్యాండిల్, తర్వాత నాలుకలు బయటపెట్టిన ఇద్దరు ఆడపిల్లలు. ఒక తాళం, తర్వాత పై కప్పు. తక్కిన రెండు షాపుల్లో కెమెరా ఎలా ఉందో చూద్దామని ఎవరెవరో తీసుకున్న ఫొటోలన్నీ తిన్నగా బావగారి ఆల్బంలో చేరిపోతున్నాయి. చేరిన వాటిని చేరినట్టే హోటలాయన చూస్తున్నాడన్నమాట. తమ్ముడు అక్క చేయి పట్టుకుని, ఫొటోలో వెనక కనపడుతున్న బోర్డు ఆధారంగా మూడో షాపుకు పరుగుతీశాడు.

హోటలాయన చూస్తూనే ఉన్నాడు. చెవి దాకా ఊరుకున్నాడు. నాలుకలు కనపడ్డాక, ఇదేం కంపెనీయో కనుక్కుందామని వీడియో కాల్ చేశాడు. రెండో షాపులో ఎవరో అది ప్రకటన అనుకుని నొక్కి ఆపేశారు. మళ్ళీ చేశాడు. ఈసారి మూడో షాపులో మోగింది. అక్కడ ఒక పెద్దావిడ, తన ఫోన్ బాగుచేయడానికిచ్చి, కౌంటరు ముందు కుర్చీలో కూర్చుని ఉంది. మోగుతున్నదాన్ని అలా వదిలెయ్యడం మర్యాద కాదని, ఆవిడ తెర మీద వేలు పెట్టింది.

సరిగ్గా అప్పుడే, పెన్ను ఉన్నదే మేలని ఒక నిర్ణయానికి వచ్చిన గడియగారు షాపులో అడుగుపెట్టాడు. తాను రేపు కలవాల్సిన మనిషి ట్యాబ్లెట్‌లో కనపడుతున్నాడు. తాను చూపించాల్సిన గడియలు ఎవరో చూపిస్తున్నారు. ఆ ఫొటోల్లో మనుషులెవరని హోటలాయన గట్టిగానే అడుగుతున్నాడు.

పెద్దావిడ ఒకసారి ఆల్బం అంతా జరిపి చూసింది. "ఆ గడియలు తిప్పాల్సింది ఇలాంటివాళ్ళే కద నాయనా," అంది. "నువ్వు గడియ ఒక్కటే చూస్తే ఎలా?"

హోటలాయన తగ్గాడు. అయితే ఇందులో ఏది మంచిదంటారని అడిగాడు.

"గుండ్రటివి మాత్రం పెట్టించకు. తడి చేత్తో తిరిగి చావవు. కిందటేడు మా చుట్టాల పెళ్ళికెళ్ళి ఒక హోటల్లో దిగాను. స్నానాల గదిలో ఇరుక్కుపోయి కేకలేస్తుంటే, పక్క గదివాళ్ళు పాడుతున్నాననుకుని చప్పట్లు కొట్టారు. ఇదిగో, ఈ పొడుగుది చూడు. చేతులు ఖాళీ లేకపోతే మోచేత్తో నొక్కినా వస్తుంది."

హోటలాయన చాలాసేపు నవ్వాడు. తన భార్య కూడా ఏడాదిగా ఇదే మాట అంటున్నా చెవికెక్కలేదని ఒప్పుకున్నాడు. గడియగారు ఇక ఆగలేక, గొంతు సవరించుకుంటూ ఆవిడ భుజం మీదుగా ముందుకు వంగాడు. వెనక ఆయనెవరని హోటలాయన అడిగాడు.

ఆవిడ తల తిప్పి చూసింది. "ఎవరో కొనడానికొచ్చినాయన," అంది. "పొద్దున కూడా వచ్చి వెళ్ళాడట. తేల్చుకోలేకపోతున్నాడట పాపం, షాపాయన చెప్పాడు."

గడియగారు నోరు తెరిచాడు. ఆర్డరు గుర్తొచ్చి మూసేశాడు. అన్ని గదులకూ పొడుగు హ్యాండిళ్ళే పంపమని, తన సందేహాలన్నీ తీరిపోయాయి కనక రేపు ఎవరూ రానక్కర్లేదని చెప్పి హోటలాయన సెలవు తీసుకున్నాడు. అప్పుడు గుమ్మంలోంచి రొప్పుతూ వచ్చిన భార్య, భర్తనూ, ఆయన పక్కనున్న పెద్దావిణ్ణీ కాసేపు మార్చి మార్చి చూసింది.

"సన్నంది దొరికిందా?" అంది.

బావమరిది జరిగినదంతా వివరించి చెప్పడానికి, గడియగారికి అది ఎక్కడానికి కొంత సమయం పట్టింది. ఎక్కిన తర్వాత ఆయన మూడు షాపులూ తిరిగి మూడు చోట్లా తన అకౌంట్ తీసేసి వచ్చాడు. పెద్దావిడకు చేతులెత్తి దండం పెట్టాడు. ఆవిడ ఆయన్ని దీవించి, తొందరగా ఏదో ఒకటి కొనుక్కుని ఇంటికెళ్ళమని చెప్పింది. నిజంగానే కొనేద్దామని పర్సు తీస్తూ, ముందు శుభవార్త మేనేజరు చెవిన వేద్దామని బావమరిది చేతిలోంచి ఫోన్ అందుకున్నాడు.

మేనేజరు పరమానందపడ్డాడు. హోటలాయన అప్పుడే తనతో మాట్లాడాడట. గడియగారి గుండె తేలికపడింది. గోడౌన్ గండం గడిచింది. ఇప్పుడే ట్యాబ్లెట్ కొనేస్తున్నానని చెప్పాడు.

"మీకెందుకండీ ఇంక?" అన్నాడు మేనేజరు. "ప్రయాణం లేకుండానే ఆర్డరు వచ్చింది కదా. అదీకాక, హోటలాయన ఇకమీద ఆ అమ్మగారితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడనంటున్నాడు. ఆవిణ్ణి మన సలహాదారుగా ఒప్పించండి. ట్యాబ్లెట్ ఆవిడకి కొనిద్దాం. ఎంచుకోవడంలో మీరు కాస్త సాయం చెయ్యండి."

పెద్దావిడ ఒప్పుకుంది. ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చేస్తానంది. మర్నాడు గడియగారు పొద్దున్నే తయారై, తెర ఎంతుండాలో, బరువెంతుండాలో, ఛార్జింగు ఎంతసేపు నిలవాలో దారి పొడుగునా మననం చేసుకుంటూ మూడో షాపుకు చేరాడు. ఆవిడ అప్పటికే కొనుక్కుని వెళ్ళిపోయింది.

షాపు యజమానిని ఆవిడ అడిగింది ఒక్కటేనట, ఎర్రది ఉందా అని.