సున్నా మార్కుల జీడిరసం

ఈ కాలానికి దేవుడిచ్చిన గొప్ప వరం మార్కులు! బళ్ళో పిల్లలకు వేసేవి కావు, జీడిరసానికి వేసేవి.

నవ్వకండి. ప్రొహిబిషన్ వచ్చాక మా ఉద్దానంలో తాగేవాడంటూ లేడు. అందరూ రుచి చూసేవాళ్ళే! గింజ తీసేశాక మిగిలిన జీడిపళ్ళను పిండి, రసాన్ని కుండలో పోసి మరిచిపోతే, అది తనంతట తానే బుసబుసా పొంగుతుంది. దానికి మనుషులా బాధ్యులు?

పూర్వం మేమంతా మూర్ఖులం. గ్లాసెత్తి తాగి, "బాగుందమ్మా" అని మూతి తుడుచుకుని పోయేవాళ్ళం. కలకత్తాలో కొన్నాళ్ళుండి వచ్చిన వైకుంఠరావు మా కళ్ళు తెరిపించాడు. గ్లాసును ఎండకెత్తి రంగు చూడాలట. ముక్కు ముంచి వాసన పట్టాలట. పుక్కిలించి, ఆకాశంలోకి చూసి, "ముందు పనసతొన, వెనకాల కొంచెం తాటిముంజె" అనాలట. జీడిరసంలోకి అవెప్పుడు దూరాయని అడిగినవాడు అనాగరికుడు! ఆపైన పదికి ఇన్నని మార్కులు. ఆ అంకెను సున్నంతో కుండ మీదే రాసేవాడు.

మా పక్కింటి లక్ష్మమ్మ కుండకు తొమ్మిది వచ్చింది. అంతటి గౌరవాన్ని వంటింట్లో దాస్తారా? వీధి అరుగు మీద పెట్టింది! మర్నాడే టెక్కలి నుంచి ప్రొహిబిషన్ ఇనస్పెక్టరు దిగాడు.

"దేనికి తొమ్మిది?" అన్నాడు.

లక్ష్మమ్మ కొంగుతో ఆ అంకెను తుడిచేయబోయింది. కేసు పెడితే జైలే. వీధిలో బి.ఏ. చదివినవాణ్ణని నన్ను సాక్షిగా పిలిచి, గ్లాసు చేతికిచ్చాడు.

తాగాను. ఏం చెప్పను! మా ఇంటావిడ పోయాక నా సాయంత్రాలకు కాస్త రుచి మిగిలిందంటే, లక్ష్మమ్మ గోడ మీదుగా అందించే ఆ గ్లాసు వల్లే. అయినా మొహం వికారంగా పెట్టి, "ఇది ఉత్త కుడితి! సున్నా!" అన్నాను.

ఇనస్పెక్టరు నమ్మలేదు. తనూ ఒక గ్లాసు తాగాడు. సందేహం తీరక ఇంకోటి తాగాడు. మూడోది కూడా పుచ్చుకుని, మీసం తుడుచుకుని, "నిజమే, సున్నాయే" అని తీర్పు చెప్పి, పోతూ పోతూ మా గోడకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

చూశారా మార్కుల మహిమ? ఒక్క సున్నా ఒక మనిషికి జైలు తప్పించింది!

ఆ సాయంత్రం గోడ దగ్గర నిలబడ్డాను. గ్లాసు రాలేదు.

"ఏం లక్ష్మమ్మా, మరిచిపోయావా?"

"కుడితి నీకెందుకు బాబూ? ఆవు తొట్లో ఒంపేసినాను."

తొట్టి దగ్గర ఆవు కళ్ళు అరమోడ్చి నన్ను చూసింది. ఆ చూపులో తక్కువలో తక్కువ ఎనిమిది మార్కులున్నాయి.

"నిన్ను కాపాడదామనే కదమ్మా ఆ అబద్ధం!"

"అది నాకు తెల్దేటి? కానీ సున్నా ఏటి బాబూ, సున్నా! ఓ మూడో నాలుగో ఏత్తే నీ సొమ్మేటి పోద్ది?"

పాఠకులారా, తాగుడు మానిపించే చట్టం చేసిన పెద్దలు మార్కులు మానిపించే చట్టం కూడా చేస్తే బాగుండును. నాకు ఆ పాత మూర్ఖత్వమే కావాలి. "బాగుందమ్మా" అన్న ఒక్క మాట, గోడ మీద ఒక్క గ్లాసు.